చెంబుకు పోయని కషాయం

ముదిగుబ్బ,
14 జూలై 2024

మా మేనకోడలు సారాకు,

పొద్దున లేస్తే నీ పేరు, నీ మొగుడు జోయల్ పేరు దేవుడి చెవిన వేసి కానీ పొయ్యి ముట్టించని మీ కృపాకుమారి అత్త రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. వాన లేదు. వేరుశనగ వేసినవాళ్ళు మొగులు చూస్తున్నారు, వేయనివాళ్ళు వేసినవాళ్ళను చూస్తున్నారు.

ఫోన్ ఎందుకు చేయలేదని అడగకు. మొన్న నువ్వు చేసినప్పుడు పక్కింటి ఆదెన్న ఫోను నా చెవికి ఆనించి పట్టుకున్నాడు. నేను "బాగుండా, బాగుండా" అంటూనే ఉన్నాను. నువ్వు అడిగింది మేక ఈనిందా అని అట. తర్వాత ఆదెన్న చెప్పి నవ్వాడు. ఈనింది. రెండు పిల్లలు. ఇట్లాంటి బాధ ఉండకూడదనే ఉత్తరం రాస్తాను. ఉత్తరమైతే నువ్వేమన్నావో ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు, మధ్యలో ఎవరూ నవ్వరు.

చిలమత్తూరు వైపు జ్వరాలు బాగా ఉన్నాయని కండక్టరు ఓబిలేష్ చెప్పాడు. ఎవరి మాట నా చెవిన పడకపోయినా ఓబిలేష్ మాట పడుతుంది, బస్సులో అరిచి అరిచి అతని గొంతు అట్లా అయింది. ఒళ్ళు పట్టేసే జ్వరం, ఎముకల జ్వరం అన్నీ వస్తున్నాయట. నా చెవులు తీసుకుపోయింది కూడా ఒక జ్వరమే కాబట్టి నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. అందుకే పొట్లం కట్టి అతని చేతికిచ్చాను. నేలవేము, తిప్పతీగ, శొంఠి, మిరియాలు. నేలవేము ఈసారి గుట్టలో దొరకడం కష్టమైంది. పోయినేడు నీడలో ఆరబెట్టి దాచిందే దంచాను. ఒక చెంచా పొడి రెండు గ్లాసుల నీళ్ళలో వేసి సగం అయ్యేదాకా కాచు. పరగడుపున తాగు. ముఖం ఎట్లా పెట్టుకున్నా నాకు కనబడదు, తాగితే చాలు.

నువ్వు గట్టిగా ఉండాలి. రెండుసార్లు కడుపు నిలవక పోయింది. ఆ రెండుసార్లూ నువ్వు ఎంత చిక్కిపోయావో నేను చూశాను. ఒంట్లో జ్వరం జొరబడకుండా ఉంటే, దేవుడు మూడోసారి ఇచ్చినప్పుడు నిలుపుకునే శక్తి ఉంటుంది. అంతకంటే నాకు కావలసింది లేదు.

ఇక్కడ ఆదివారం కషాయం మొదలుపెట్టాను. జనం బాగా వచ్చారు. వెంకటలక్ష్మమ్మ ఎప్పటిలాగే జీతగాడు మారుతి చేత ఇత్తడి చెంబు పంపించింది. ఎప్పటిలాగే ఖాళీ చెంబు తిప్పి పంపించాను. వచ్చి తాగినవాళ్ళకే పోస్తాను, చెంబుకు పోయను. నాకు పొగరని ఊరంతా చెబుతోందట. చెప్పుకోనీ.

నీ అత్త,
కృపాకుమారి


చిలమత్తూరు,
24 జూలై 2024

అత్తకు వందనాలు.

పొట్లం అందింది. ఓబిలేషన్న బస్సు దిగి మరీ ఇచ్చాడు. మందు ఇస్తున్నట్టు కాకుండా కోర్టు నోటీసు ఇస్తున్నట్టు ఇచ్చాడు, "మీ అత్త అడుగుతాది, తాగల్ల" అని.

తాగుతున్నాను. రోజూ పరగడుపునే. చేదు గురించి ఏం చెప్పను, డ్యూటీకి పోయాక కూడా నాలుక మీదే ఉంటుంది. జోయల్‌కు ఒక గ్లాసు ఇస్తే, తను నడిపే స్కూలు బస్సులో పిల్లలు తన ముఖం చూసి జడుసుకుంటారని తప్పించుకున్నాడు.

మా గార్మెంట్సులో జ్వరాలు నిజమే. మా లైనులో సగం మిషన్లు ఖాళీ. నేను కుట్టు తప్పులు పట్టుకునే చెకింగులో ఉన్నాను కదా, ఇప్పుడు కుట్టే పని కూడా మీద పడింది. హెల్త్ సెంటరు నర్సమ్మ వచ్చి మీటింగు పెట్టింది. కషాయాలు తాగితే తాగండి కానీ ముందు నీళ్ళ డ్రమ్ములకు మూతలు పెట్టండి, దోమ పుట్టేది అందులోనే అన్నది. మాకు కుళాయి వారానికోసారి, మీకు ట్యాంకరు వచ్చినప్పుడు. ఇద్దరం డ్రమ్ములు నింపుకునేవాళ్ళమే. నీ డ్రమ్ములకు గోనెపట్ట కప్పి ఊరుకోకు, మూత పెట్టు.

వెంకటలక్ష్మమ్మ గారి సంగతి మాత్రం నాకు నచ్చలేదు అత్తా. ఇక్కడ మా లైనులో ఎవరి కులం ఏదో అడిగే తీరిక కూడా ఉండదు. వాళ్ళు మన గడప తొక్కరని నీకు కోపమైతే ఆ మాట ముఖం మీద అను. మందు ఆపడం ఎందుకు? వాళ్ళ పట్టింపుకు నీ పట్టింపు బదులా? చెంబులో పోస్తే ఏం పోతుంది? మందు మందే కదా. నువ్వు నాకు నేర్పిన ప్రార్థనలో ఇది లేదు.

రాసింది ఎక్కువైతే ఏమీ అనుకోకు. మేకపిల్లలకు పేర్లు పెట్టావా?

సారా


ముదిగుబ్బ,
8 ఆగస్టు 2024

కోడలా,

నీ ఉత్తరం చేరింది. నాకు ప్రార్థన నేర్పే పని కూడా మొదలుపెట్టావు, సంతోషం. మేకపిల్లలకు పేర్లు పెట్టలేదు. పేరు పెడితే అమ్మబుద్ధి కాదు.

నాకు కోపం లేదా అంటే ఉంది. ఆ ఇంటి చేలలో మీ మామ ఒళ్ళు హూనం చేసుకుంటే, ఆయన పోయినప్పుడు ఆ ఇంటి నుంచి ఒక్క మనిషి మన వాకిట్లోకి రాలేదు. ఆ కోపం నాతోనే మట్టిలోకి వస్తుంది. కానీ చెంబుకు పోయకపోవడం దానికి కాదు. అది నాకంటే ముందటి సంగతి. మా అత్తగారు మారెమ్మ కూడా చెంబుకు పోసేది కాదు. ఎవరి చెంబైనా సరే, మన పాస్టరు గారిదైనా సరే.

ఎందుకో నీకు తెలియనిదా? చిన్నప్పుడు మన వాకిట్లోనే కదా తిరిగావు. రెండు కుండలు ఉంటాయి. ఒకటి కషాయం, ఒకటి మజ్జిగ. అందరూ కషాయం తాగి, చేదు పోవడానికి మజ్జిగ కుండ దగ్గరికి వస్తారు. కడుపుతో ఉన్న ఆడపిల్ల మాత్రం మొదటి కుండ దాటుకుని నేరుగా మజ్జిగ వైపు చెయ్యి చూపిస్తుంది. నేలవేము కడుపుతో ఉన్నవాళ్ళకు పోయకూడదు, కడుపు జారుతుందని మారెమ్మ నా చేతికి గరిటె ఇచ్చిన రోజే చెప్పింది. నెల తప్పిన సంగతి పదిమందిలో నోటితో చెప్పే ఆడది ఎవరు? వెనకాల అత్త నిలబడి ఉంటుంది, మరిది నిలబడి ఉంటాడు. అందుకే ఈ ఏర్పాటు. చూసేది పోసేవాళ్ళు ఒక్కరే. పోసేవాళ్ళు ఎవరికీ చెప్పరు, ఆ పిల్లను కూడా ఏమీ అడగరు. మొన్న ఆదివారం ఒక కోడలు, పేరు రాయను, మజ్జిగ వైపు చెయ్యి చూపింది. నేను గ్లాసు నింపి ఇచ్చి, తలకాయ తిప్పుకుని వెనకున్న ఆయనకు కషాయం పోశాను. అంతే.

ఇప్పుడు నువ్వే చెప్పు. మారుతి చెంబు నింపుకుని ఆ ఇంటికి పోతే, లోపల అది ఎవరి గొంతులో పోస్తారో నాకెట్లా తెలుస్తుంది? ఆ ఇంట్లో కోడలు ప్రశాంతి ఉంది. కొత్తగా పెళ్ళైన పిల్ల. మజ్జిగ అడగాలన్నా ఆ పిల్లకు ఇక్కడ కుండ కనబడాలి కదా.

వెంకటలక్ష్మమ్మకు ఈ మాట చెప్పవచ్చు కదా అంటావేమో. ఆమె నాతో మాట్లాడితే కదా చెప్పేది. జీతగాడికి చెప్పే మాటా ఇది?

డ్రమ్ములకు మూతలు పెట్టాను. ఒకదానికి మూత లేక రోకలిబండ కింద రేకు పెట్టాను. పొడి అయిపోతే రాయి, ఇంకో పొట్లం పంపుతాను.

నీ అత్త


చిలమత్తూరు,
19 ఆగస్టు 2024

అత్తకు,

నాకు తెలియదు.

నన్ను హాస్టల్లో వేసినప్పుడు నేను ఐదో తరగతి దాటలేదు. చిన్నపిల్లలకు చెంచాతో పోసేదానివి, బెల్లం ముక్క పెట్టేదానివి. నాకు గుర్తున్నది బెల్లం. పెద్ద ఆడవాళ్ళు ఏ కుండ వైపు చెయ్యి చూపించారో చూసే వయసు కాదు నాది. తర్వాత ఎవరూ చెప్పలేదు. అమ్మ ఉంటే చెప్పేదేమో. అమ్మ లేదు, నువ్వే ఉన్నావు.

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు వానాకాలంలో నువ్వు పంపిన పొట్లం తాగాను. నిరుడు రెండోసారి కూడా తాగాను. ఒక్క పూట మానకుండా తాగాను, అత్త పంపింది కదా అని. జోయల్ వాళ్ళమ్మ మూడు నెలలు దాటేదాకా ఎవరికీ చెప్పొద్దన్నది, అందుకే నీకూ చెప్పలేదు. చెప్పే రోజు రాకముందే రెండూ పోయాయి.

ఇప్పుడు నాకు మూడో నెల. ఈసారి కూడా ఎవరికీ చెప్పలేదు. ఈసారి కూడా పొట్లం నువ్వే పంపావు.

చెంబుకు పోయనిదానివి, బస్సులో నాకెట్లా పంపావు?

సారా


ముదిగుబ్బ,
23 ఆగస్టు 2024

సారమ్మా,

పోస్టు మీద నమ్మకం లేక ఓబిలేష్ చేతికే ఇస్తున్నాను. ఇది చదివిన మరుక్షణం ఆ పొట్లం తీసి బయట పారెయ్యి. ఇంకొక్క చుక్క తాగవద్దు. మేకలు తింటాయేమోనని కూడా ఆలోచించకు, పారెయ్యి. ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరికి పో. ఏం తాగావో, ఎన్నాళ్ళు తాగావో దాచకుండా చెప్పు. మా అత్త ఇచ్చిందని చెప్పు. నా పేరు చెప్పు, నాకేమీ ఫర్వాలేదు.

నడుము నొప్పి ఉందా? కింద మరకలేమైనా కనబడ్డాయా? ఈ మాట రెండుసార్లు రాసి కొట్టేశాను, మూడోసారి ఉంచాను.

నువ్వు అడిగింది నిజమే. ఊరందరికీ గడప దగ్గరికి వస్తేనే పోస్తానన్నదాన్ని, నీకు మాత్రం పొట్లం కట్టాను. నువ్వు నాదానివి అనుకున్నాను. నా పిల్ల నాకు చెప్పకుండా ఉంటుందా అనుకున్నాను. వాళ్ళందరినీ అనుమానించి నిన్ను నమ్మాను, అదే నేను చేసిన పని. మూడేళ్ళుగా ప్రతి వానాకాలం కట్టి పంపాను. ముందు రెండుసార్లు కబురు వచ్చినప్పుడు నీ దగ్గరికి వచ్చి, నీ తల నిమిరి, దేవుడి చిత్తమని చెప్పాను. ఆ మాట అన్న నోరు నాదే.

ఈ ఆదివారం కషాయం పోయను. కుండ బోర్లించాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నాకు వెంటనే రాయి. ఒక ముక్క చాలు. ఉంది అనో, పోయింది అనో.

అత్త


చిలమత్తూరు,
5 సెప్టెంబరు 2024

అత్తకు,

ఉత్తరం చేరింది. ఓబిలేషన్న నిలబడి జవాబు రాయమన్నాడు. ఆ రోజు రాయబుద్ధి కాలేదు.

డాక్టరమ్మను చూశాను. ముందు రెండుసార్లు ఎందుకు పోయాయో చెప్పలేనన్నది. అది కారణం కావచ్చు, కాకపోవచ్చు, వంద కారణాలుంటాయి, ఇప్పుడు తవ్వినా తేలదన్నది. కడుపుతో ఉండి నేలవేము తాగడం మాత్రం తప్పేనన్నది. నెలాఖరులో స్కానింగుకు రమ్మన్నది. అంతవరకు చూడాలి.

ఇప్పటికి ఉంది.

మా లైనులో ఇంకో ఇద్దరికి జ్వరం. నాకు లేదు. జోయల్ ఇంటి చుట్టూ ఎక్కడ చిప్పలో నీళ్ళు నిలిచినా ఒంపేస్తున్నాడు. దోమతెర కట్టాడు. పగలు కూడా తెరలోనే కూర్చోమంటాడు, కోళ్ళగంప కింద పెట్టినట్టు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

సారా


ముదిగుబ్బ,
16 సెప్టెంబరు 2024

సారమ్మా,

"ఇప్పటికి ఉంది" అన్న ముక్క మడిచి బైబిల్లో పెట్టుకున్నాను. నువ్వు నాకు కోపంగా రాశావని తెలుసు. నీకు ఆ హక్కు ఉంది. నేను దానికి ఏమీ అనను, జరిగింది మాత్రం రాస్తాను, చదివితే చదువు.

ఇప్పటికి నాలుగు ఆదివారాలు కుండ ఎక్కించలేదు. గ్లాసులు పట్టుకుని వచ్చినవాళ్ళు తలుపు కొట్టారట. నాకు వినబడదు కదా, చెవులు పోయినందుకు మొదటిసారి సుఖపడ్డాను. తర్వాత ఆదెన్న కిటికీ దగ్గరికి వచ్చి చేతులూపాడు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. పుల్లన్న ఇంట్లో ఇద్దరికి జ్వరం తగిలింది. కషాయం లేకపోవడం వల్లనే అంటున్నారు. ఆశా వర్కరు అమ్మాయి వచ్చి పుల్లన్న దొడ్లో పాత టైర్లు చూపించి, వాటిలో నీళ్ళు చూపించి, దీనివల్ల అన్నది. నాకు రెండూ తెలియవు. ఏది దేనివల్ల అని చెప్పే ధైర్యం నాకు పోయింది.

మొన్న శుక్రవారం వెంకటలక్ష్మమ్మ వచ్చింది. చెంబు కాదు, మనిషే. మారుతి లేడు, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి మన అరుగు మీద కూర్చుంది. నా చెవిలో నోరు పెట్టి అరిచింది. "చెంబు పంపితే పోయనంటివి. మనిషే వస్తే తలుపేసుకుంటివి. ఇంగ మేము ఏం చేయల్ల కృపమ్మా? మా ఇంట్లో ఆడపిల్ల ఉండాది, దానికి జరం తగిలితే నేను వాళ్ళమ్మకు ఏం చెప్పల్ల?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమె ముందు ఏడవకూడదని ఇన్నేళ్ళు బిగబట్టుకున్నదాన్ని, ఏడ్చేశాను. చెప్పేశాను సారా. మజ్జిగ కుండ సంగతి, చెంబుకు ఎందుకు పోయనో, నీకు ఎట్లా పంపానో, మొత్తం చెప్పాను. నీ పరువు ఆమె చేతిలో పెట్టినట్టయింది, కోపగించుకో. ఆమె లేచి చెప్పులు చేతికి తీసుకుంది. ఏమైనా అన్నదేమో, నాకు వినబడలేదు. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుంది. అంత మెత్తని చెయ్యి ఉంటుందని నేను అనుకోలేదు. మీ మామ పోయినప్పుడు పట్టుకుని ఉంటే బాగుండేది, కానీ వద్దనలేదు.

నీ బిడ్డ నిలబడ్డదని కబురు వచ్చేదాకా ఆ కుండ ముట్టను. రాకపోతే దాన్ని పగలగొడతాను. మారెమ్మ చేతి కుండ అది, అయినా పగలగొడతాను. అన్నం సహించడం లేదు. మేకపిల్లల్లో ఒకటి చచ్చిపోయింది. ఇది నీకు రాయవలసిన సంగతి కాదు, చేతికి వచ్చింది, రాశాను.

అత్త


చిలమత్తూరు,
29 సెప్టెంబరు 2024

అత్తా,

కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేకుండా చదువు.

బిడ్డ బాగుంది. నిన్న స్కానింగు చేశారు. గుండె కొట్టుకోవడం నాకు వినిపించారు. మా మిషన్లు అన్నీ ఒకేసారి నడిచినప్పుడు వచ్చే చప్పుడు లాగా ఉంది, అంత వేగం. నాలుగో నెల నిండింది. డాక్టరమ్మ ఇక దాచవలసిన పని లేదన్నది.

ఇప్పుడు రెండో సంగతి. నేను ఈసారి కషాయం తాగలేదు. ఒక్క రోజు కూడా తాగలేదు.

పొట్లం వచ్చిన రోజు విప్పాను. ఆ వాసనకు కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చింది. అప్పటికే నెల తప్పింది, వేవిళ్ళు మొదలయ్యాయి. మళ్ళీ కట్టి అటక మీద పెట్టేశాను. ఇందులో నా తెలివి ఏమీ లేదు, వాంతి చేసిన మేలు. తాగడం లేదని రాస్తే నువ్వు ఎందుకని అడుగుతావు, అడిగితే చెప్పాలి. అందుకే రోజూ పరగడుపున తాగుతున్నానని రాసి పారేశాను. నాలుక మీద చేదు, జోయల్ తప్పించుకోవడం, అదంతా పాత జ్ఞాపకం.

ఆ తర్వాత నీ మజ్జిగ కుండ ఉత్తరం వచ్చింది. అది చదివాక ఆ రోజు డ్యూటీకి పోలేదు. పోయిన ఆ ఇద్దరినీ తలుచుకుని ఏడ్చాను. అప్పుడే జవాబు రాశాను. అందులో "ఈసారి తాగలేదు" అన్న ఒక్క మాట రాస్తే సరిపోయేది. రాయలేదు. మరిచిపోలేదు అత్తా, కావాలనే రాయలేదు. నేను రెండుసార్లు పడింది నువ్వు కొన్నాళ్ళు పడితే తప్పేమిటని అనిపించింది. నీ కొట్టివేతల ఉత్తరం చదివినప్పుడు బాధ కలిగింది. చిన్న తృప్తి కూడా కలిగింది. అప్పుడు కూడా చెప్పలేదు. "ఇప్పటికి ఉంది" అని రాసేటప్పుడు నాకు తెలుసు, నీకు ఒక్కొక్క రోజు ఎట్లా గడుస్తుందో.

నీ పోయిన ఉత్తరం జోయల్ చదివాడు. అటక మీద పొట్లం అతనికి ముందే తెలుసు. నన్ను ఎప్పుడూ ఒక మాట అననివాడు, "ముసలామెను చంపుతాండావు సారా. కషాయంతో కాదు, ఉత్తరంతో చంపుతాండావు" అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. స్కానింగు ఐపోగానే రాస్తానన్నాను, రాస్తున్నాను.

నా మీద కోపం పోలేదని నువ్వు రాసినా సరే. ముందు రెండింటి సంగతి నేను మరిచిపోలేను, నీ మీద కోపం పూర్తిగా పోయిందని అబద్ధం కూడా చెప్పను, ఒక అబద్ధం చాలు. కానీ నువ్వు అన్నం తినకుండా ఉండడం నాకు వద్దు. కుండ పగలగొట్టకు. పుల్లన్న ఇంట్లో జ్వరం తగ్గిందా?

నాకు ఈసారి మజ్జిగ పొయ్యి అత్తా. నోటితో చెప్పకూడదన్నావు కదా, అందుకే చేత్తో రాసి అడుగుతున్నాను.

నీ సారా


ముదిగుబ్బ,
10 అక్టోబరు 2024

సారమ్మా,

నీ ఉత్తరం మొదటి సగం చదివి మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పాను. రెండో సగం చదివి లేచి, వాకిట్లోకి పోయి, చిలమత్తూరు దిక్కు తిరిగి నిన్ను తిట్టాను. ఎంత గట్టిగా తిట్టానో నాకు తెలియదు. ఆదెన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు, కాబట్టి బాగానే తిట్టి ఉంటాను. దొంగముండా అని కూడా అన్నాను. తర్వాత నవ్వు వచ్చింది. నేను పంపిన మందు తాగకుండా అటక ఎక్కించినందుకు ఇంత సంతోషపడే రోజు వస్తుందని ఎవరైనా చెబితే ఆ మనిషిని కూడా తిట్టి ఉండేదాన్ని.

అన్నం తిన్నాను. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. ముందు ఆ సంగతి రాయమని జోయల్ అంటాడు, అందుకే రాశాను. ఆ పిల్లవాడికి నా ముద్దు చెప్పు.

ఆ రెండింటి సంగతి. డాక్టరమ్మకు తెలియదంటే నాకూ తెలియదు. ఎవరికీ తెలియదు. తెలియదు కదా అని నేను నిమ్మళంగా ఉంటానని మాత్రం అనుకోకు. పోయిన కాలమంతా మందు ఇచ్చాననుకున్నాను, ఇప్పుడు గరిటె పట్టుకున్నప్పుడల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగనీ. నీ కోపం నువ్వు ఉంచుకో, ఎప్పుడు పోతే అప్పుడు పోతుంది. పోయిందని నాకు ఉత్తరంలో రాయకు, నీ ఉత్తరాల మీద నాకిప్పుడు పెద్ద నమ్మకం లేదు.

పుల్లన్న ఇంట్లో ఇద్దరూ లేచి తిరుగుతున్నారు. టైర్లు తీసేశారు. పెద్దవాడిని ఊళ్ళో ఆస్పత్రిలో పెట్టి సెలైను ఎక్కించారు. జ్వరం వచ్చాక నా దగ్గరికి రావద్దు, నేరుగా అక్కడికే పోండి అని ఇప్పుడు నేనే అందరికీ చెబుతున్నాను.

పోయిన ఆదివారం కుండ ఎక్కించాను. ఎక్కించే ముందు ఒక మార్పు చేశాను. మజ్జిగ కుండ ముందుకు జరిపి గడప పక్కనే పెట్టాను, కషాయం కుండ లోపలికి పోయింది. ఇప్పుడు ఎవరు వచ్చినా మొదట తగిలేది మజ్జిగే. కషాయం కావాలంటే ఇంకో రెండడుగులు వేయాలి. ఆ పైన, పోసే ముందు అందరూ వినేట్టు ఒకసారి అరిచాను, ఇది ఎవరు తాగకూడదో. మారెమ్మ ఎన్నడూ అరవలేదు. ఆమె కాలంలో ఆడపిల్లలందరూ ఈ వాకిట్లోనే పుట్టి ఈ వాకిట్లోనే పెరిగారు, చూసి నేర్చుకున్నారు. ఇప్పుడు ఎవరు ఎక్కడ పెరుగుతున్నారో. హాస్టళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళకు కుండల భాష ఎవరు చెబుతారు? ఈ ఆలోచన నాకు ముందే రావలసింది.

వెంకటలక్ష్మమ్మ వచ్చింది, ప్రశాంతిని వెంటబెట్టుకుని. వరుసలోనే నిలబడింది. ముందు ఆమె లోపలికి వచ్చి కషాయం తాగింది. ముఖం ఎట్లా పెట్టిందో చూడవలసింది నువ్వు, ఇన్నేళ్ళ నా కోపం సగం అక్కడే తీరింది. కోడలి వంతు వచ్చేసరికి మాత్రం ఆమె ఆదెన్నతో వానల గురించి ఏదో మాట్లాడుతూ అటు తిరిగింది. ప్రశాంతి గడప దగ్గరే ఆగి మజ్జిగ కుండ వైపు చెయ్యి చూపింది. నేను గ్లాసు నింపి ఇచ్చాను. ఈ మాట నేను నీకు కూడా రాయకూడదు. కానీ నువ్వు దూరాన ఉన్నావు, పైగా కడుపులో మాట దాచుకోవడంలో నీకు మంచి అనుభవం ఉంది.

ఇక పొట్లాలు కట్టను. నీకే కాదు, ఎవరికీ. అటక మీది పొట్లం ఓబిలేష్ చేతికివ్వు. అది నా ఎదురుగా పొయ్యిలో పడితే తప్ప నాకు తృప్తి ఉండదు.

చివరగా, నువ్వు అడిగిన మజ్జిగ. చేత్తో రాసి అడిగావు. తెలివైనదానివే, కానీ ఉత్తరానికి పోయను. ఉత్తరం కూడా చెంబు లాంటిదే, ఎవరు మోసుకొచ్చారో, లోపల ఏముందో పోసేవాళ్ళకు తెలియదు. డాక్టరమ్మ బస్సు ప్రయాణం చేయొచ్చు అంటే ఒక ఆదివారం జోయల్‌ను తోడు తీసుకుని రా. నీ చిన్నప్పటి సత్తు గ్లాసు, పక్కన సొట్టపడింది, తోమి పెట్టాను. పుల్లన్న కోడలు వెనక, ప్రశాంతి వెనక, ఎవరి వెనకైనా సరే, వరుసలో నిలబడు. నీ వంతు వచ్చినప్పుడు కుండ వైపు చెయ్యి చూపించు.

నేనేమీ అడగను.

మీ అత్త,
కృపాకుమారి